వాడి ఊపిరి చుట్టూ

2024 జూలై 28, ఆదివారం. హనుమకొండ

లాల్ దర్వాజా బోనాల పండుగ. పొద్దున ఫోన్ చేస్తే మరదలు వంటింట్లో ఉంది. బోనం వండుతూనే మాట్లాడింది. మాటల మధ్యలో చెప్పింది: "చిన్నదానికి నిన్నటిసంది సర్ది వదినా. రాత్రి జరం గూడ కాసింది. బడిల సగం మంది పిల్లలు దగ్గుతున్నరంట."

ఆ తర్వాత ఆమె పండుగ సంగతులేవో చెప్పింది కానీ నా చెవికెక్కలేదు. తమ్ముడు రాత్రి ఎక్కడ పడుకున్నాడని అడిగాను. పై గదిలో పడుకున్నాడట.

ఆ ఇంట్లో ఇది ఎవరూ చెప్పకుండానే జరిగిపోయే ఏర్పాటు. పిల్లకు ముక్కు కారడం మొదలైతే చాలు, వాడి కంచం, గ్లాసు, తువ్వాలు మేడ మీదికి పోతాయి. మరదలు మూతికి మాస్కు కట్టుకుంటుంది. కిటికీలన్నీ తెరుస్తారు. వేరే ఇళ్లలో పిల్లకు జ్వరమొస్తే నాన్న ఒళ్లో పడుకోబెట్టుకుంటాడు. ఇక్కడ నాన్న దూరం జరగాలి. చిన్నది మెట్ల మీద కూర్చుని కథ చెప్పమంటే వాడు పైనుంచి చెప్తాడు. తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

2019లో నా ఎడమ కిడ్నీ వాడికి పెట్టారు. ఎడమదాని నరం కొంచెం పొడుగు, కుట్టడానికి వీలుగా ఉంటుందని సాధారణంగా దాన్నే తీసుకుంటారు. పాడైపోయిన వాడి రెండు కిడ్నీలూ ఉన్నచోటే ఉన్నాయి. నాది మాత్రం ముందువైపు, కుడి పొత్తికడుపులో ఉంది. చెయ్యి పెడితే తగులుతుంది. మన దేశంలో బతికుండగా కిడ్నీ ఇచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. అమ్మలు, భార్యలు, అక్కచెల్లెళ్లు. ఇచ్చేశాక మా పని అయిపోయిందనుకుంటారు చుట్టాలు. అది నిజం కాదు. నా కిడ్నీ వాడి ఒంట్లో ఉన్నంతకాలం వాడు పీల్చే గాలి నాకు పట్టిన విషయమే.

ఆగస్టు 1, గురువారం

సాయంత్రం తమ్ముడే ఫోన్ చేశాడు. "అక్కా, ముక్కు జర బిగుసుకుంది. గొంతుల గరగర. జరం లేదు, నువ్వు పరేషాన్ గాకు."

జరం లేదన్న మాట మనబోటి వాళ్లకు ధైర్యం. వాడి విషయంలో అందులో ధైర్యపడాల్సిందేమీ లేదు. కాలేజీలో ఇన్నేళ్లు జువాలజీ చెప్పాను, ఇది పిల్లలకు అర్థమయ్యేలా చెప్పడానికి ఎప్పుడూ కష్టపడేదాన్ని. జలుబు చేసినప్పుడు మనకొచ్చే జ్వరం, ఒళ్లునొప్పులు, నీరసం, వీటిలో చాలాభాగం వైరస్ చేసే పని కాదు. వైరస్ మీద తిరగబడుతున్న మన ఒళ్లే చేసే పని. వాడి ఒంట్లో ఆ తిరుగుబాటును మందులతో అణిచి ఉంచారు. అణచకపోతే అది నా కిడ్నీని పరాయిదని గుర్తుపట్టి నాశనం చేస్తుంది. కాబట్టి లోపల వైరస్ ఎంత పెరుగుతున్నా పైకి కనిపించే గుర్తులు తక్కువ. థర్మామీటర్ మామూలుగా చూపిస్తున్న మనిషికి ఊపిరితిత్తుల్లో న్యుమోనియా మొదలై ఉండొచ్చు.

అప్పటికే మధ్యాహ్నం కాలనీలో ఉన్న క్లినిక్‌కు వెళ్లి వచ్చాడట. అక్కడి డాక్టర్ క్లారిత్రోమైసిన్ రాసి, ఒళ్లునొప్పులకు ఇంకో మాత్ర రాశాడు. మరదలు చీటీ ఫొటో తీసి ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్ సిస్టర్‌కు పంపింది. ఐదు నిమిషాల్లో జవాబు: రెండూ వేయొద్దు, పొద్దున్నే రండి.

నా మరదలు పదో తరగతి దాకా చదువుకున్న మనిషి. కొత్త మాత్ర ఏదైనా సరే, సిస్టర్‌ను అడగకుండా వాడి నోట్లోకి పోనివ్వదు. ఈ ఒక్క పట్టుదల వాడిని ఇన్నేళ్లు కాపాడుతూ వచ్చింది. వాడు పొద్దున, రాత్రి పన్నెండు గంటల తేడాతో వేసుకునే ట్యాక్రోలిమస్ అనే మందును పేగుల్లో, కాలేయంలో ఉండే ఒక ఎంజైమ్ విరగ్గొడుతుంది. క్లారిత్రోమైసిన్ ఆ ఎంజైమ్‌ను పనిచేయనివ్వదు. అప్పుడు మందు నెత్తుట్లో పేరుకుపోతుంది. పేరుకుపోయిన ట్యాక్రోలిమస్ దెబ్బకొట్టేది ఎవరినో కాదు, కిడ్నీనే. ఫంగస్‌కు వాడే ఫ్లూకొనజోల్‌తో ఇదే పేచీ. కోవిడ్‌కు వచ్చిన పాక్స్‌లోవిడ్‌తో మరీ పెద్ద పేచీ, అందులోని రిటోనవిర్ వల్ల. పండ్లలో పంపరపనసకూ ఈ గుణం ఉంది. ఆ క్లినిక్ డాక్టర్‌ను నేను తప్పుపట్టను. ఆయన దగ్గరికి రోజూ వచ్చే వందమందిలో ట్రాన్స్‌ప్లాంట్ మనిషి ఎప్పుడో ఒకడు. కానీ ఆ ఒక్కడి చేతిలో పెట్టే చీటీ వేరుగా ఉండాలని మెడికల్ షాపు దాకా అందరికీ తెలిసే రోజు రావాలి.

ఆగస్టు 2, శుక్రవారం. హైదరాబాద్

కాజీపేటలో పొద్దుటి బండి ఎక్కాను. పెట్టె అంతా దగ్గులే. మాస్కు తీయలేదు.

మధ్యాహ్నానికి స్వాబ్ ఫలితం వచ్చింది. ఇన్‌ఫ్లూయెంజా ఏ, హెచ్1ఎన్1. పదిహేనేళ్ల కింద స్వైన్‌ఫ్లూ అని దేశమంతా వణికిందే, అదే. 2009 మే నెలలో ఇండియాలో మొదటి కేసు బయటపడింది ఈ హైదరాబాద్‌లోనే, అమెరికా నుంచి వచ్చి విమానం దిగిన మనిషిలో. ఇప్పుడది ప్రతి ఏడూ వానలతో పాటు వచ్చిపోయే మామూలు ఫ్లూ అయిపోయింది. బడికి పోయే పిల్లలకు నాలుగు రోజుల జ్వరం. మా చిన్నది నిన్ననే మళ్లీ బడికి పోయిందట.

ఫలితం రాకముందే డాక్టర్ గారు ఒసెల్టమివిర్ మొదలుపెట్టించారు. టామిఫ్లూ అంటే అందరికీ తెలుస్తుంది. హైదరాబాద్ హెటెరో వాళ్లు ఫ్లూవిర్ పేరుతో చేస్తారు. కిడ్నీ పనితీరు చూసి మోతాదు కట్టారు. "ఫలితం కోసం ఆగితే వైరస్ ఆగదు కదమ్మా" అన్నారాయన. ఆ తొందర ఎంత ముఖ్యమో నాకు తెలుసు. 2009 ఫ్లూ అప్పుడు ఇలా అవయవాలు పెట్టించుకున్న 237 మంది లెక్కలను డాక్టర్లు పోగుచేశారు. లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు మందు పడ్డవాళ్లలో ఐసీయూ దాకా పోయింది నూటికి 8 మంది. ఆలస్యమైన వాళ్లలో 22 మంది. అదే రోగం, అదే మందు. తేడా అంతా ఎప్పుడు ఫోన్ చేశామన్న దగ్గరే.

ఆక్సిజన్ 95 ఉంది. రాత్రికి ఉంచుకుంటామన్నారు.

ఆగస్టు 4, ఆదివారం

ఆక్సిజన్ 92కి పడింది. స్కాన్‌లో రెండు ఊపిరితిత్తుల అడుగునా మచ్చలు. ముక్కుకు గొట్టం పెట్టారు. కిడ్నీ ఎలా పనిచేస్తుందో చెప్పే క్రియాటినిన్ ఎప్పుడూ 1.3 దగ్గర ఉండేది, ఇవాళ 1.9.

నాకు ఆ 1.9 చూడగానే చెయ్యి నా ఎడమ డొక్క మీదికి పోయింది. మచ్చ తప్ప అక్కడేమీ లేదు.

డాక్టర్ గారు ఓపికగా చెప్పారు. వైరస్ కిడ్నీలోకి పోలేదు. సరిగా తినక, తాగక ఒళ్లు ఎండింది. ఒంట్లో రేగిన మంట ప్రభావం ఉంది. ట్యాక్రో లెవెల్ కూడా కొంచెం పెరిగింది. ఈ మూడూ కలిసి కిడ్నీని నొక్కుతున్నాయి. సెలైన్ జాగ్రత్తగా ఎక్కిస్తున్నారు. ఎక్కువైతే అసలే తడిసిన ఊపిరితిత్తులు ఇంకా తడుస్తాయి.

అసలు చిక్కు ఇప్పుడు మొదలైంది. వాడు వేసుకునేవి మూడు మందులు. ట్యాక్రోలిమస్, మైకోఫెనోలేట్, కొద్దిగా స్టెరాయిడ్. ట్యాక్రోలిమస్ టీ-కణాలకు అందే కేకను ఆపుతుంది. మైకోఫెనోలేట్ తెల్లకణాలను పెరగనివ్వదు, దానితో యాంటీబాడీలు తయారుచేసే బీ-కణాలూ తగ్గుతాయి. ఇప్పుడు వైరస్‌తో పోరాడాలంటే ఆ కణాలే కావాలి. మందులన్నీ ఆపేస్తే పోరాడతాయి, ఊపిరితిత్తులు తేరుకుంటాయి. ఆ ఊపుతోనే వెళ్లి కిడ్నీ మీద పడతాయి. మా చిన్నప్పుడు లాంతరు వత్తి సరిచేసే పని నాదే. ఎక్కువ పైకి తిప్పితే చిమ్నీ పగులుతుంది, ఎక్కువ దించితే దీపం కొండెక్కుతుంది. డాక్టర్ గారు ఇవాళ చేసింది అలాంటి పనే. మైకోఫెనోలేట్ సగానికి దించారు. ట్యాక్రోలిమస్ లెవెల్ చూసుకుంటూ కొంచెం తగ్గించారు. స్టెరాయిడ్‌ను ముట్టుకోలేదు. ఏళ్ల తరబడి వేసుకుంటున్న స్టెరాయిడ్ చప్పున ఆపితే ఒళ్లు తన సొంతంగా దాన్ని తయారుచేసుకోలేక కుప్పకూలుతుంది.

ట్యాక్రోలిమస్ పుట్టుక నాకు ఇష్టమైన సంగతి. 1984లో జపాన్‌లో, త్సుకుబా అనే ఊరి మట్టిలో దొరికిన బ్యాక్టీరియా నుంచి తీశారు దాన్ని. మా కాలేజీ ల్యాబ్‌లో మట్టి పలుచన చేసి పళ్లేల మీద పోసి చూపించేటప్పుడు పిల్లలకు తప్పకుండా చెప్పేదాన్ని. ఎక్కడో మట్టిలో ఉన్న సూక్ష్మజీవి, ఇక్కడ నా అవయవాన్ని నా తమ్ముడి ఒళ్లు ఒప్పుకునేలా చేసింది. ఆ ఒప్పందం కోసం వాడు చెల్లిస్తున్న ధర ఈ ఆక్సిజన్ గొట్టం.

ఆగస్టు 6, మంగళవారం

రాత్రి నిద్ర పోయాడు. ఆక్సిజన్ అంతే ఉంది. పడిపోలేదు.

వార్డు బయట బెంచీ మీద నల్లగొండ వైపు నుంచి వచ్చిన ఒకావిడ పరిచయమైంది. ఆమె భర్తకు రెండేళ్ల కింద ఊపిరితిత్తులు మార్చారు. ఇప్పుడు ఆర్ఎస్‌వీ అనే వైరస్ పట్టింది. పసిపిల్లలకు వచ్చే రొంప వైరస్ అది, పెద్దవాళ్లకు వచ్చినా పట్టించుకోరు. "గింత సర్దికి గింత పెద్ద దవాఖాననా అని మా ఊళ్లో అడుగుతున్నరమ్మా. వాళ్లకేం చెప్పాలె?" అంది.

కిడ్నీ వాళ్లకన్నా వీళ్లది ఇంకా కఠినమైన బతుకు. కిడ్నీ, కాలేయం, గుండె లోపల ఎక్కడో భద్రంగా ఉంటాయి. మార్చిన ఊపిరితిత్తికి ఆ భద్రత లేదు. బయటి గాలి ప్రతి శ్వాసలో నేరుగా దాన్ని తగులుతుంది. మార్చేటప్పుడు నరాలు తెగుతాయి కనుక గొంతు దిగువన ఏది చేరినా దగ్గు సరిగా రాదు. సకశేరుకాల శ్వాసనాళంలో సన్నటి కేశాలు దుమ్మునూ తెమడనూ పైకి తోసేస్తాయని పాఠం చెప్తామే, ఆ కేశాల పని కూడా మందగిస్తుంది. అన్నిటికన్నా భయపెట్టేది ఇంకొకటి. జలుబు తగ్గిపోయాక, నెలల తర్వాత, సన్నటి గాలిగొట్టాలు మచ్చకట్టి మూసుకుపోవడం మొదలవుతుంది. ఆ మచ్చ వెనక్కి పోదు. శ్వాసకోశ వైరస్‌లకూ ఈ మూసుకుపోవడానికీ ఉన్న సంబంధం ఊపిరితిత్తుల వాళ్లలో చాలాసార్లు తేలింది. ఆమె ముందు ఇదంతా నేను అనలేదు. ఆమెకు ముందే తెలుసు. మూడు నెలలకోసారి ఊదించే పరీక్షలో అంకె ఎంతుంటే సంతోషపడాలో, ఎంతకు పడితే భయపడాలో నాకే చెప్పింది.

మధ్యాహ్నం ఇద్దరం డబ్బాలో అన్నం పంచుకున్నాం. ఆమె మాస్కు దించి నాలుగు ముద్దలు తిని వెంటనే పెట్టుకుంది. ఊళ్లో వాళ్లకు ఏం చెప్పాలో ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. "నీకు సర్దైతే నువ్వు దుప్పటి కప్పుకుంటవు, మా ఆయనకైతే గాలి అందదు అని చెప్త" అంది చివరికి. ఇంతకన్నా బాగా నేనూ చెప్పలేను.

ఆగస్టు 8, గురువారం

గొట్టం తీసేశారు. మామూలు గాలి మీదనే ఆక్సిజన్ 95. క్రియాటినిన్ 1.6.

ఆగస్టు 11, ఆదివారం. ఉప్పల్, తమ్ముడి ఇల్లు

నిన్న ఇంటికి పంపారు. వాడు పై గదిలో. ఇప్పుడు దూరం పాటించాల్సింది వాడి నుంచి పిల్ల మాత్రమే కాదు, పిల్ల నుంచి వాడు మాత్రమే కాదు, ఇద్దరూ.

చుట్టాలు వస్తామంటే మరదలు వద్దంది. కొందరికి కోపం వచ్చింది. వచ్చిన ఒకరిద్దరిని వాకిట్లోనే కుర్చీలు వేసి కూర్చోబెట్టింది. పెదనాన్న భార్య తిప్పతీగ కషాయం సీసాలో తెచ్చారు. ఎంతో ప్రేమగా, మైలు దూరం నడిచి ఆకు తెంపి కాచి తెచ్చారు. ఆమెకు నేనే చెప్పాను: "పెద్దమ్మా, ఇది ఒంట్లో బలగాన్ని రేపుతుందని కదా తాగుతరు. వీడి ఒంట్లో ఆ బలగాన్ని నిద్రపుచ్చడానికే ఇన్ని మందులు. రేపితే కిడ్నీ మీదికే వస్తది." ఆమె కాసేపు ఆలోచించి, "అట్లనా బిడ్డా, మరి నువ్వు తాగు" అని సీసా నాకిచ్చి పోయారు. తిప్పతీగ వల్ల కాలేయం దెబ్బతిన్న వాళ్ల గురించి 2021లో ముంబై డాక్టర్లు రాశారు. కాబట్టి నేనూ తాగను. కానీ ఆమె అడిగి, విని, అర్థం చేసుకున్న తీరు నాకు ఎంతో నచ్చింది. మనవాళ్లు వినరు అంటారు. చెప్పేవాళ్లు లేక వినరు.

అనాసపువ్వు నమిలితే ఫ్లూ పోతుందని ఎవరో ఫోన్లో పంపారట. దానికి మూలం ఉంది. టామిఫ్లూ తయారీకి కావలసిన షికిమిక్ ఆమ్లాన్ని మొదట్లో అనాసపువ్వు నుంచే తీసేవాళ్లు. కానీ ఆ ఆమ్లం మందు కాదు, అనేక రసాయన చర్యలు జరిగాకే మందవుతుంది. బిర్యానీలో వేసుకోవడానికి అభ్యంతరం లేదని చెప్పమన్నాను.

ఆగస్టు 14, బుధవారం. హనుమకొండ

రాత్రి పాత నోట్‌బుక్ తీసి 2021 పుటలు చదివాను.

ఆ ఏడు మార్చి 1న 60 దాటిన వాళ్లకూ, 45 నుంచి 59 మధ్య ఉండి పెద్ద జబ్బులున్న వాళ్లకూ కోవిడ్ టీకా మొదలైంది. ఆ జబ్బుల జాబితాలో కిడ్నీ మార్పిడి ఉంది. తమ్ముడికి అప్పుడు 44. జబ్బు పేరు జాబితాలో ఉంది, వయసు లేదు. 18 దాటిన వాళ్లకు మే 1న తలుపు తెరిచేసరికి రెండో అల నెత్తిమీద ఉంది. మన దేశంలో మొదటి అలలో 13 కేంద్రాలు కలిసి కోవిడ్ వచ్చిన 250 మంది కిడ్నీ గ్రహీతల లెక్క చూస్తే, నూటికి 11 మందికి పైగా చనిపోయారు. ఆ అంకె తెలిసి కూడా వాడి పుట్టిన తేదీ వైపు చూస్తూ కూర్చున్నాం.

టీకా పడ్డాక కూడా ధైర్యం రాలేదు. జాన్స్ హాప్‌కిన్స్ వాళ్లు ఆ ఏడే ప్రచురించిన లెక్కలు నా నోట్‌బుక్‌లో ఎర్ర సిరాతో ఉన్నాయి. అవయవ గ్రహీతల్లో ఎంఆర్ఎన్ఏ టీకా మొదటి డోసు తర్వాత యాంటీబాడీలు కనిపించింది నూటికి 17 మందిలో. రెండో డోసు తర్వాత 54 మందిలో. మామూలు మనుషుల్లో దాదాపు అందరిలో కనిపిస్తాయి. మైకోఫెనోలేట్ లాంటివి వేసుకునేవాళ్లలో ఇంకా తక్కువ. అమెరికాలో ఆగస్టు 2021లోనే వీళ్లకు మూడో డోసు ఇచ్చారు. ఇక్కడ 2022 జనవరిలో మూడోది వచ్చింది కానీ వైద్య సిబ్బందికీ, ముందువరుస వాళ్లకూ, 60 దాటిన రోగులకూ. వాడి వయసు వాళ్లకు ఏప్రిల్ 10 దాకా రాలేదు. వయసును బట్టి వరస కట్టడం లక్షల మందికి న్యాయమే అయి ఉంటుంది. కానీ వరసలో నిలబెట్టే ముందు, ఈ మనిషి ఒంట్లో టీకా పట్టేదెంత అని ఒకసారి అడగాల్సింది. ఆ అభిప్రాయం నాకు ఇప్పటికీ మారలేదు.

ఫ్లూ టీకా సంగతీ ఇంతే. వాడికి ఏటా వేయిస్తాం, సూదిది మాత్రమే. ముక్కులో కొట్టేది బతికున్న వైరస్‌తో చేస్తారు, వాడికి పనికిరాదు. ఈసారి జూన్‌లో వేయించాం. అయినా ఫ్లూ వచ్చింది. "మరెందుకు వేయించడం?" అన్నాడు బావ. దానికి నా దగ్గర జవాబుంది. అమెరికా, కెనడా, స్పెయిన్‌లలో 20 ఆస్పత్రులు ఐదేళ్లపాటు చూశాయి, ఫ్లూ వచ్చిన అవయవ, మూలకణ గ్రహీతలను 600 మందికి పైగా. ఐదుగురిలో ఒకరికి పైగా ఆస్పత్రికి వచ్చేసరికే న్యుమోనియాతో ఉన్నారు. ఆ ఏడు టీకా వేసుకున్న వాళ్లకు రోగం తేలిగ్గా పోయింది, వేగంగా మందు పడ్డవాళ్లకూ అంతే. వాడు ఈసారి వెంటిలేటర్ దాకా పోకపోవడానికి ఆ జూన్ సూది కొంత కారణం కావచ్చు. కచ్చితంగా చెప్పలేం. కానీ వచ్చే ఏడూ వేయిస్తాం.

వాడి ఒంట్లో సగమే పట్టే టీకా మన ఒంట్లో బాగా పడుతుంది. నేను ఇన్నాళ్లుగా అందరికీ చెప్పాలని కొట్టుకుంటున్నది ఇదే. వాడికి వేసే సూది ఒక్కటే చాలదు, వాడి చుట్టూ తిరిగేవాళ్లకు వేసే సూది కూడా వాడిని కాపాడుతుంది. మరదలికి, చిన్నదానికి, నాకు, ట్యూషన్ చెప్పే పిల్లకు, పాలు పోసే మనిషికి. ప్రభుత్వ టీకాల కార్యక్రమంలో ఫ్లూ లేదు. చేతి డబ్బు పెట్టుకోవాలి, తక్కువేమీ కాదు. ఇంటికి నలుగురుంటే ఆలోచిస్తారు. ఆ ఆలోచన నాకు అర్థమవుతుంది. ఆస్పత్రి బిల్లు చూసినవాళ్లు ఆలోచించరు.

ఆగస్టు 17, శనివారం

పొద్దుటినుంచి తుమ్ములు. గొంతు మంట. వానలో తడిసింది కాదు, బస్సులోనో కూరగాయల సంతలోనో అంటింది.

ఎల్లుండి రాఖీ పున్నమి. పోవడం లేదు. మరదలికి చెప్పాను. ఎందుకైనా మంచిదని రాఖీ నిన్ననే స్పీడ్ పోస్టులో వేయడం మేలైంది, జలుబు మొదలు కాకముందు.

ఆగస్టు 19, సోమవారం. రాఖీ పున్నమి

వాడు ఫోన్లో, "పెద్దగైనంక మొదటిసారి అక్కా, నువ్వు రాకపోవుడు" అన్నాడు. చిన్నది మాస్కు పెట్టుకుని, మేనత్త తరఫున వాళ్ల నాన్నకు కట్టిందట. ఫొటో పంపింది. చెయ్యి సన్నబడింది. రంగు బాగుంది.

రోజంతా తుమ్ముతూ ఉన్నా. నాకిది మూడు రోజుల జలుబు, అల్లం టీ, ముక్కుకు ఆవిరి. ఇదే వాడికి మోసుకుపోయి ఉంటే? ప్రేమ ఉన్న చోటికి చేతులు ఊపుకుంటూ పోవచ్చనే అనుకుంటాం మనం. వాడి దగ్గరికి మాత్రం ఆగి, ఒళ్లు చూసుకుని పోవాలి. ఇవాళ నేను పోకపోవడమే వాడికి నేను కట్టిన రాఖీ. రాత్రి భోజనం చేసి తొందరగా పడుకున్నాను.

ఆగస్టు 26, సోమవారం

చెకప్. క్రియాటినిన్ 1.4. ఊపిరితిత్తుల మచ్చలు తేలికపడ్డాయి. స్వాబ్ మళ్లీ తీశారు. వైరస్ ఆనవాలు ఇంకా ఉంది!

మామూలు మనిషి వారంలో ఫ్లూను బయటికి నెట్టేస్తాడు. వీళ్లలో వారాలు, ఒక్కోసారి నెలలు కూడా ఉండిపోతుంది. అలా ఉండిపోయినప్పుడు మందుకు లొంగని రకంగా మారే అవకాశం కూడా ఉంటుంది. అందుకే ఒసెల్టమివిర్‌ను మామూలు ఐదు రోజులకే ఆపకుండా వాడికి పొడిగించారు. వాడి గొంతులో ఉన్నది ఇప్పుడు బతికున్న వైరసా, మిగిలిన ముక్కలా అన్నది ఆ పరీక్ష చెప్పలేదట. డాక్టర్ గారు ఆనవాలు ఉన్నంతకాలం డయాలసిస్ హాలు వైపు, మిగతా ట్రాన్స్‌ప్లాంట్ వాళ్లు కూర్చునే వైపు పోవద్దన్నారు. వేరే గదిలో చూశారు. వాడు ఒకరికి రోగి, ఇంకొకరికి ప్రమాదం. రెండూ ఒకేసారి.

మైకోఫెనోలేట్ మెల్లగా పాత మోతాదుకు పెంచుతారు. ఈ వారాల్లో తగ్గించి ఉంచినందుకు ఒళ్లు కిడ్నీ మీద తిరగబడుతుందా అన్నది రాబోయే నెలల్లో చూడాలి. దానికోసం నెత్తురు పరీక్షలు దగ్గర దగ్గరగా రాశారు.

నల్లగొండ ఆవిడకు ఫోన్ చేశాను. ఆయన ఇంకా ఆస్పత్రిలోనే. ఊదుడు పరీక్ష అంకె పడిందట. ఎంతో చెప్పలేదు, నేను అడగలేదు.

సెప్టెంబర్ 9, సోమవారం

కాలనీ గణపతి మండపం తమ్ముడి ఇంటి గేటుకు ఎదురుగానే ఉంది. వాడు మేడ మీద నుంచి దండం పెట్టుకున్నాడు. మండపం పిల్లలు ప్రసాదం గేటు దగ్గర పెట్టి, గంట కొట్టి పోతున్నారు. వాళ్లకు మరదలు ఏమి చెప్పిందో తెలియదు కానీ చక్కగా పాటిస్తున్నారు.

చిన్నదాని బడి హెడ్‌మిస్ట్రెస్‌కు ఉత్తరం రాశాను. జ్వరం తగ్గిన మర్నాడే పిల్లల్ని పంపొద్దని తల్లిదండ్రులకు చెప్పమని, హాజరు తక్కువైందని బహుమతులు తీసేయొద్దని. నూరు శాతం హాజరుకు పతకం ఇచ్చే అలవాటు మన బళ్లలో ఇంకా ఉంది. దగ్గుతూ వచ్చిన పిల్లకు పతకమిస్తే ఆ దగ్గు ఎవరి ఇంటికి చేరుతుందో బడికి తెలియదు. ఆమె ఫోన్ చేసి, తల్లిదండ్రుల సమావేశంలో మీరే వచ్చి చెప్పండి అన్నారు. ఒప్పుకున్నాను.

సాయంత్రం బావతో పెద్ద చర్చ. కార్తీకంలో ఆయన కొడుకు పెళ్లి. తమ్ముడు రాకపోతే ఎట్లా అని ఆయన బాధ. ఏసీ హాలులో వెయ్యిమంది మధ్య కూర్చోబెడితే ఎట్లా అని నా బాధ. చివరికి ముహూర్తం హాలులో కాకుండా వాళ్ల తోటలో, పందిరి కింద పెట్టడానికి ఒప్పుకున్నాడు. తమ్ముడికి గాలి తగిలే చోట వేరుగా కుర్చీ. తలంబ్రాలు చూసి, అక్షింతలు వేసి, భోజనం ఇంటికి తీసుకుపోతాడు. దగ్గు ఉన్నవాళ్లు వాడి పక్కకు పోవద్దని చెప్పే పని నాకు అప్పగించారు. పెళ్లికి ముందే, అక్టోబర్ మొదట్లో, రెండు ఇళ్లవాళ్లూ ఫ్లూ సూది వేయించుకోవాలని కూడా ఒప్పించాను. పెళ్లికూతురి తరఫువాళ్లకు ఈ మాట ఎట్లా చెప్పాలి అని బావ నసిగాడు. ఫోన్ నంబరు తీసుకున్నాను. పెళ్లికూతురి అమ్మ నర్సుగా చేసి రిటైరైందట, ఆమెకైతే ఎక్కువ చెప్పక్కర్లేదు. రేపు పొద్దున పది తర్వాత చేస్తాను.